సీసాడు నెత్తురు

“రగతం ఒకసారి పోతే మరి రాదే. మగోడి రగతమైతే అసలే రాదు” అంది దాలమ్మ, చుట్ట ముట్టించుకుంటూ.

కత్తిపీట ముందు కూర్చుని కానాగంత చేపల మొప్పలు లాగుతున్న ఈశ్వరి, అత్తకి జవాబు చెప్పాలంటే ముందు ఊపిరి అందాలి. ఈమధ్య రెండు మాటలు కలిపి అన్నా ఆయాసం వస్తోంది. చేపల తట్ట నెత్తిన పెట్టుకుని కళింగపట్నం దాటేసరికి గుండె చెవుల్లో కొట్టుకుంటోంది. గర్భసంచిలో గడ్డలట. నెలలో పది రోజులు నెత్తురు పోతూనే ఉంటుంది. ఆపరేషన్ చెయ్యాలంది శ్రీకాకుళం డాక్టరమ్మ. కానీ రక్తం ఆరు గ్రాములే ఉంది, పదన్నా లేకుండా కత్తి పెట్టను, త్వరగా కావాలంటే ఇంటివాళ్లని రెండు సీసాలిమ్మను, ఎక్కించి చేస్తాను అంది.

ఇంటివాళ్లకేం కొదవ! మొగుడు గంగులు, మరిది ధర్మేంద్ర, ఇద్దరూ దూలాల్లా ఉంటారు. ఆ మాట ఎత్తగానే మరిదికి ఎన్నడూ లేని నడుంనొప్పి పుట్టుకొచ్చింది. గంగులు మాత్రం దాపరికం లేకుండానే అన్నాడు.

“నాను సంద్రం మీదకెల్లేవోణ్ణి. సీసాడు తీసీసినాక వల లాగడానికి సత్తువెక్కడిదే నాకు? నీకేటి, ఒడ్డున కూకుని అమ్ముకునే పని.”

ఒడ్డున కూర్చుని! ఈశ్వరికి నవ్వొచ్చింది. తెల్లారితే తట్ట నెత్తికెత్తుకుని మూడు ఊళ్ల వీధులు తిరిగి, వచ్చి పొయ్యి వెలిగించి, మగవాళ్లకీ అత్తకీ పెట్టి, ఆఖర్న గిన్నె వంచితే తనకి మిగిలేది పులుసునీళ్లూ రెండు తలకాయలూ. ఆ మీద ఆకలి చావడానికి గ్లాసుడు టీ. పదహారేళ్లుగా ఇదే వరస. చేపలమ్మే ఇంట్లో చేపముక్క ఎరగని మనిషి ఎవరంటే తనే. ఇదేదో అన్యాయమని కూడా ఆమెకి ఇన్నాళ్లూ తోచలేదు, అమ్మా అలాగే తింది కాబట్టి.

నాలుగేళ్ల కిందట పడవ ఇంజను ఫ్యాను తగిలి గంగులు కాలు చీలిపోయింది. అప్పుడూ రక్తం కావాలన్నారు. టీ తాగొస్తానని వెళ్లిన ధర్మేంద్ర సాయంత్రందాకా కనబడలేదు. మొగుడూ పెళ్లాలిద్దరిదీ ఒకే గ్రూపని తేలితే ఈశ్వరే చెయ్యి చాపింది. “ఇవ్వకపోతే ఎలాగ, మగోడి పానం” అంది దాలమ్మ. పోయిన రక్తం మరి రాదన్న సంగతి ఆవేళ ఆవిడకి గుర్తు లేదు. అయిదో రోజున ఈశ్వరి మళ్లీ తట్ట ఎత్తింది.

ఆ సీసా సంగతి తను మళ్లీ నోరెత్తి అనలేదు గానీ, మరిచిపోలేదు. అతను తాగొచ్చి తిట్టిన ప్రతిసారీ, ‘నీ ఒంట్లో తిరిగేది నా నెత్తురే, ఆ నోటితో నన్నే అంటన్నావు’ అని లోలోపల అనుకునేది. అదొక గర్వం. అదే ఒక బంధనం కూడా. తన నెత్తురున్న మనిషి మీద ఎంతకని కోపం నిలుపుకుంటుంది?

మర్నాడు ఆసుపత్రికి ఒక్కర్తే వెళ్లింది. అక్కడి నర్సు యమున ఆమె వెనక్కి చూసింది, ఎవరైనా వస్తున్నారేమోనని.

“ఎవలూ రానేదేటక్కా?”

“రగతం పోతే మరి రాదంట గదమ్మా.”

“ఎవలు సెప్పినారు?” యమునకి చిర్రెత్తింది. “ఎముకల్లోన మూలుగుంటాది సూడు, అదే పొయ్యి. రగతం అందులోనే తయారవుతాది, ఒక్క పూట ఆగదు. సీసాడు ఇచ్చినోడికి నీరు రెండ్రోజుల్లో నిండిపోతాది, ఎర్రకణాలు రెండు నెల్లలో వచ్చీస్తాయి. నీ సంగతే ఏరు. వండిందానికన్నా పోయింది ఎక్కువ. పొయ్యిలోకి సరుకూ నేదు. ఏటి తింటన్నావు నువ్వు? తిన్న ఎంటనే టీ తాగీసి, తిండిలోన ఉన్న ఆ కాస్త ఇనుమునీ ఒంటికి పట్టనివ్వవు.”

ఈశ్వరి అడిగింది. “మరి మా మావకి నానిచ్చిన సీసా? నాలుగేళ్లయింది.”

“ఎర్రకణం బతికీది నాలుగు నెల్లే అక్కా. అదెప్పుడో పోయింది. ఇప్పుడున్నదంతా ఆయన తిండితో ఆయన ఒళ్లు సేసుకున్నదే.”

ఈశ్వరి వేళ్లు మడిచి లెక్క చూసుకుంది. నాలుగు నెలలట! తను నాలుగేళ్లు మోసింది. ముందు ఏడుపొచ్చింది. ఆయన తిండంటే ఏది, తను వండి పెట్టిన నడిముక్కలేగా అనుకుంటే ఒళ్లు మండింది. ఆ మంట చల్లారాక ఎందుకో తేలిగ్గా అనిపించింది. అతనిలో తనదంటూ ఏమీ లేదు. ఉన్నదేదో తన ఎముకల్లోనే ఉంది.

“మరి నాను కూడా సేసుకోగల్నా, ఎవలూ ఇవ్వకండా?”

“ఎందుకు సేసుకోలేవు! పోవడం తగ్గడానికి మాత్రలిస్తారు, ఐరన్ సెలైన్లు ఎడతారు. మూణ్నెల్లు పడతాది. డాక్టరమ్మతో నాను మాటాడతాను. గానీ బరువెత్తకూడదు. కడుపునిండా తినాల.”

డాక్టరమ్మ సరేనంది. మొదటి సెలైను ఆవేళే పెట్టారు.

మరుసటి రోజు మధ్యాహ్నం వంట దించగానే ఈశ్వరి పళ్లెం తెచ్చుకుని, అన్నం పెట్టుకుని, వంజరం నడిముక్కలు రెండు వేసుకుని కూర్చుంది.

“అదేటే! మగోలింకా తిన్నేదు!” దాలమ్మ చుట్ట నోట్లోంచి జారిపోబోయింది.

“తింటారు. గిన్నెలో ఉన్నాది” అంది ఈశ్వరి, ముక్క విరుస్తూ. ఈలోగా తిండికొచ్చిన అన్నదమ్ములకీ అత్తకీ నర్సు చెప్పినదంతా ఉన్నదున్నట్టు చెప్పింది. మూడు నెలలు తట్ట ఎత్తనని కూడా అంతే మామూలుగా చెప్పింది.

ఆ ఊళ్లో పట్టేది మగవాళ్లు, అమ్మేది ఆడవాళ్లు. మగవాడి నెత్తిన చేపల తట్ట ఇంతవరకు ఎవరూ చూడలేదు. దాలమ్మ మోకాళ్లు పోయి పదేళ్లయింది.

“మరి సేపలెవలమ్ముతారే?” గంగులు కేకేశాడు. “నాను తట్టెత్తాలేటి? ఊరంతా నవ్వదా?”

ఈశ్వరి తింటూనే ఉంది. అతను తల్లి వైపు చూశాడు, తమ్ముడి వైపు చూశాడు. తమ్ముడు నడుం పట్టుకున్నాడు. గంగులు గొంతు మెత్తబడింది.

“అయినా సీసాడే గదే. రెండు నెల్లల్లో మల్లీ వచ్చీస్తాదని నువ్వే అన్నావు గదా. రేపెల్లి ఇచ్చీస్తాన్లే.”

ఈశ్వరి నోట్లోంచి ముల్లు తీసి పళ్లెం అంచున పెట్టింది.

“ఉంచుకో మావా. తట్టెత్తడానికి కావాల.”