ఏమీ నొక్కకపోతే వినబడే మాట

మా నాన్న గేములకు కథలు రాస్తాడు. ఇప్పుడు రాస్తున్నది పదో తరగతి చదివే నలుగురు పిల్లల కథ. మొత్తం ఐదు భాగాలు. ఒక్కో భాగం విడుదలైనప్పుడల్లా విమర్శకులు దాన్ని ఏకిపెడతారు, వాళ్ళు ఏకిపెట్టినప్పుడల్లా మా నాన్న అన్నం మానేస్తాడు. మూడో భాగం విడుదలైన రోజు పొద్దున్నించీ ఆయన కాలుగాలిన పిల్లిలా హాలుకీ వంటింటికీ మధ్య తిరుగుతున్నాడు, చేతిలో ఫోను వదలకుండా. ఆ వచ్చే ఆదివారమే నన్ను హాస్టల్లో దింపి రావాలి. ఆ సంగతి ఆయనకు గుర్తుందో లేదో నాకు తెలియదు.

మొదటి భాగానికి ఒకాయన ఇలా రాశాడు: "వీళ్ళు పిల్లలు కారు. రిటైరైన మాస్టర్లు బడిసంచీలు తగిలించుకుని తిరుగుతున్నారు." నాకు నవ్వాగలేదు, ఎందుకంటే నిజం కాబట్టి. రెండో భాగానికి ఇంకొకావిడ రాసింది. ఆవిడ పేరు మా ఇంట్లో 'కత్తి'. "ఈ రచయిత ఇంట్లో పిల్లలెవరూ ఉండి ఉండరు" అంది ఆవిడ. నాన్న ఆ వాక్యం చదివి తలెత్తి నా వైపు చూశాడు. నేను ఆయన ఎదురుగానే కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాను.

అప్పట్నుంచి నాకు ఉద్యోగం దొరికింది. అసలు నటి వచ్చి డైలాగులు చెప్పేలోపు, మాటల నిడివి సరిచూసుకోవడానికి ఎవరో ఒకరి గొంతుతో ముందుగా రికార్డు చేసి పెట్టుకుంటారు. దాన్ని ట్రాక్ అంటారు. కథలో నాయిక పేరు పిచ్చుక. పిచ్చుకకి ట్రాక్ చెప్పేది నేను, పిచ్చుక తండ్రికి చెప్పేది మా నాన్న. తర్వాత నటీనటులు వస్తారు, మా గొంతులు తీసేస్తారు. కూరలో కరివేపాకు సంగతి మీకు తెలిసిందే కదా.

హాస్టల్ గొడవ కూడా అప్పుడే మొదలైంది. అమ్మ ఆసుపత్రి ల్యాబులో పని చేస్తుంది. ఆమెకు వేరే ఊరికి బదిలీ అయింది. నాన్నకేమో గేము తప్ప లోకం లేదు. కాబట్టి పిల్లని హాస్టల్లో వెయ్యడం మేలని ఇద్దరూ కూర్చుని తేల్చేశారు. నన్నడిగితే కదా. నేను అమ్మ దగ్గరికెళ్ళి "నేను పోను" అంటే "మీ నాన్నకి చెప్పు" అంది. నాన్న దగ్గరికెళితే "అమ్మ ఏమంటే అదే" అన్నాడు. మళ్ళీ అమ్మ దగ్గరికెళితే "నేను చెప్పలేదా, ఆయన్నడగమని" అంది. రెండు గోడల మధ్య బంతి అయిపోయాను.

ట్రాక్ చెప్పే గదిలో అడుగుదామనుకున్నాను. అక్కడైతే టీవీ లేదు, గంట కొట్టే పాలవాడు లేడు, ఇద్దరమే ఎదురెదురుగా ఒకే మైకు ముందు కూర్చుంటాం. అద్దం అవతల సౌండు బాబాయి ఉంటాడు. ఆయన నిజంగా బాబాయేం కాదు, నాన్న ఆఫీసులో శబ్దాలు చూసుకునే మనిషి, అలవాటుకొద్దీ పిలుస్తాను. ఆ రోజు సీనులో పిచ్చుకని వాళ్ళ నాన్న దూరంగా అత్తయ్య ఇంటికి పంపేస్తుంటాడు. నా కాగితం మీద ఇలా ఉంది: "నాన్నా, ప్రతి వీడ్కోలులోనూ ఒక చిన్న మరణం దాగి ఉంటుంది." నేనది చదవబోయాను. నోరు తిరగలేదు. అంత మాట ఏ పిల్ల అంటుంది, ఏ తండ్రి విని ఊరుకుంటాడు.

కాగితం పక్కన పెట్టేసి మా నాన్న మొహం చూసి చెప్పాను. "నన్ను పంపించెయ్యకు నాన్నా. నేనేం అడ్డం రాను. తలుపేసుకుని నా గదిలో ఉంటా. నువ్వు రాసుకుంటుంటే పలకరించను కూడా."

ఆయన చేతిలో ఫోనుంది. కత్తి రాసింది మళ్ళీ చదువుకుంటున్నాడు. తలెత్తలేదు.

"ఊఁ. చూద్దాం. తర్వాతది చదువమ్మలూ" అన్నాడు.

నేను తర్వాతది చదివాను. ఇంకేం చేయను? ఆ మరణమూ వీడ్కోలూ అన్నీ అప్పజెప్పాను. సౌండు బాబాయి అద్దం అవతల్నించి బొటనవేలు ఎత్తి చూపించాడు. ఇంటికొచ్చేటప్పుడు కారులో నాన్న "ఇవాళ బాగా చెప్పావు" అన్నాడు. ఇంకోసారి అడగకూడదని ఆ కారులోనే ఒట్టు పెట్టుకున్నాను. నాకూ రోషం ఉంది.

ఇక విడుదల రోజు. మొదటి సమీక్ష వచ్చింది. బాగోలేదు, సాగదీశారు అన్నారు. నాన్న కుర్చీలో కూలబడ్డాడు. రెండోది వచ్చింది. దాన్ని చదువుతూ చదువుతూ లేచి నిలబడ్డాడు.

"ఇదిగో వినండి," అన్నాడు అమ్మకీ నాకూ కలిపి. "మూడు భాగాల్లో మొదటిసారి ఒక పిల్ల పిల్లలా మాట్లాడింది. ఆటగాడు ఏమీ ఎంచుకోకుండా ఊరుకున్నప్పుడు పిచ్చుక తనంతట తాను అనే మాటలు విని ఆట ఆపేసి కాసేపు కిటికీ దగ్గర నిలబడ్డాను, అంటున్నాడు."

"ఏం మాటలవి?" అంది అమ్మ, పెట్టెలో నా బట్టలు సర్దుతూ.

"అదే గుర్తు రావడం లేదు. ఎన్ని రాశానో, ఏది నచ్చిందో."

అప్పుడే నా ఫోను మోగింది. సౌండు బాబాయి. వంటింట్లోకి వెళ్ళి ఎత్తాను.

"అమ్మలూ, మీ నాన్న ఫోనెత్తడం లేదు. కొంప మునిగింది. ఆటగాడు ఏమీ నొక్కకుండా ఊరుకునే చోట నటి గొంతు పెట్టడం మర్చిపోయా. నీ ట్రాకే వెళ్ళిపోయింది. నువ్వూ, మీ నాన్నా ఇద్దరూ."

"ఆయన అన్న మాట కూడానా?"

"అదీ ఉంది. ఆ రోజు కాగితంలో లేనిదేదో చెప్పావని నాకు తెలుసు, నీకెందుకో బాధగా ఉందనిపించి చెరపలేదు. సరిచేసిన ముక్క తయారవుతోంది. సాయంత్రంలోపు ఆడేవాళ్ళందరి దగ్గరా మారిపోతుంది. నాన్నకి చెప్పు, నన్ను తిట్టొద్దని."

"సరే బాబాయ్" అన్నాను. చెప్పలేదు. చెబితే ఏమవుతుంది? "అయ్యో, గొంతు మారిపోయిందే" అని జుట్టు పీక్కుంటాడు. గొంతు సంగతే చూస్తాడు, మాట సంగతి కాదు. ఆయనంతట ఆయన వినాలి. సాయంత్రంలోపు వినాలి. వినకపోతే ఆ మాట మళ్ళీ ఎక్కడా ఉండదు, ఆదివారం నా పెట్టె హాస్టల్లో ఉంటుంది.

హాల్లోకొచ్చేసరికి ఆఫీసు పెద్దాయన ఫోనులో ఉన్నాడు. నాన్న నవ్వుతున్నాడు, ఎన్నాళ్ళకో. "థాంక్యూ సర్, థాంక్యూ. అవును సర్, పిల్లల మనసు పట్టుకోవాలి కదా." నాకు ఒళ్ళు మండింది. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీ మోత అంటే ఇదే. నేను సోఫాలో కూర్చున్నాను, లేచాను, బాల్కనీలోకెళ్ళాను, తిరిగొచ్చాను. "నీకేమైంది, కూర్చోలేవా?" అంది అమ్మ. కూర్చోలేను.

మధ్యాహ్నం కత్తి రాసింది. నాన్న ముందు మనసులో చదువుకున్నాడు, కళ్ళు పెద్దవయ్యాయి, తర్వాత గొంతు సవరించుకుని పైకి చదివాడు.

"ఈ కథలో రౌడీలున్నారు, దొంగలున్నారు. నాకు భయం వేసింది మాత్రం తండ్రి నోట వచ్చే ఒక్క 'ఊఁ'కి. కూతురు ప్రాణం పెట్టి అడుగుతుంటే ఆయన ఇంకేదో చూస్తున్నాడు. మొహం కనబడదు, గొంతులోనే తెలుస్తుంది. కోపం లేదు, అరుపు లేదు. ఉత్త 'ఊఁ'. కిందటిసారి ఈ రచయిత ఇంట్లో పిల్లలు లేరన్నాను. తప్పు. ఇలాంటి తండ్రిని ఇంత దగ్గరగా చూసినవాడే ఇది రాయగలడు."

"చూశారా?" అన్నాడు నాన్న. "కత్తి తప్పొప్పుకుంది."

అమ్మ "బాగుందండీ" అంది. నాకు నవ్వు రాలేదు, ఏడుపొచ్చింది. దాన్ని దిగమింగాను.

"ఇంతకీ ఆ 'ఊఁ' ఎక్కడ రాశానబ్బా" అని నాన్న టీవీ ముందు కూర్చుని గేము పెట్టాడు. పిచ్చుక బస్టాండులో నిలబడింది. పక్కన తండ్రి, పెట్టె. తెర కింద మూడు మాటలు వచ్చాయి, ఏదో ఒకటి ఎంచుకోమని. నాన్న టక్కున నొక్కాడు. అది కాదు. మళ్ళీ మొదటికొచ్చి ఇంకోటి నొక్కాడు. అదీ కాదు. మూడోది. కాదు. ఆయన వేళ్ళు ఆగవు. ఎప్పుడూ ఏదో ఒకటి నొక్కుతూనే ఉంటాడు, ఫోనైనా, కీబోర్డైనా, ఇదైనా.

నా ఫోనులో మెసేజ్ వచ్చింది. 'పంపేస్తున్నానమ్మా. ఇంకాసేపట్లో మారిపోతుంది.'

నా ఒట్టు గంగలో కలిసింది. వెళ్ళి ఆయన చేతిలోంచి గేము రిమోటు లాక్కుని బల్ల మీద పెట్టాను.

"ఏమీ నొక్కకు నాన్నా."

"ఏం?"

"ఏమీ నొక్కకుండా కూర్చో. వినబడుతుంది."

నాన్న చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. కాలు మాత్రం ఆడిస్తున్నాడు. తెర మీద పిచ్చుక అటూ ఇటూ చూసింది. బస్సు హారను మోగింది. ఆ మూడు మాటలూ మెల్లగా మసకబారి పోయాయి. పిచ్చుక నోరు తెరిచింది, నా గొంతు వచ్చింది.

"నన్ను పంపించెయ్యకు నాన్నా. నేనేం అడ్డం రాను."

నాన్న కాలు ఆగిపోయింది. అమ్మ చేతిలో మడత పెడుతున్న చున్నీ అలాగే ఉండిపోయింది. అది నాదే, హాస్టల్‌కి సర్దుతున్నది.

"తలుపేసుకుని నా గదిలో ఉంటా. నువ్వు రాసుకుంటుంటే పలకరించను కూడా."

ఆ తర్వాత ఏమొస్తుందో నాకు తెలుసు. అయినా చెవులు మూసుకోవాలనిపించింది.

"ఊఁ. చూద్దాం" అంది టీవీ, మా నాన్న గొంతుతో.

బస్సు వచ్చింది. పిచ్చుక ఎక్కి వెళ్ళిపోయింది. నాన్న ఖాళీ బస్టాండునే చూస్తూ కూర్చున్నాడు. బల్ల మీద ఆయన ఫోను మోగింది, తెర మీద పెద్దాయన పేరు. ఆగింది. మళ్ళీ మోగింది. ఈసారి నాన్న దాన్ని తీసి, చూడకుండానే, గంట నోరు నొక్కి పక్కన పెట్టేశాడు. నా వైపు తిరిగాడు. మొహం పాలిపోయి ఉంది.

"ఇది నువ్వు నన్నడిగావు కదూ," అన్నాడు. "పిచ్చుక కాదు."

"నేనే."

"నేను ఎదురుగా ఉన్నానా?"

"మోకాలికి మోకాలు తగిలేంత ఎదురుగా."

వీడ్కోళ్ళ మీద, మరణాల మీద పేజీలు రాసే మనిషి ఒక్క మాట కోసం తడుముకున్నాడు. అమ్మ మాత్రం చున్నీని పెట్టెలో పెట్టకుండా ఒళ్ళో వేసుకుని కూర్చుంది.

"వెళ్ళొద్దమ్మలూ," అన్నాడు చివరికి, నేలచూపులు చూస్తూ. "ఇక్కడే ఉండు. తలుపు కూడా వెయ్యక్కర్లేదు."

ఎన్నాళ్ళుగానో వినాలనుకున్న మాట. పరిగెత్తి వెళ్ళి వాటేసుకోవాలనే ఉంది. కానీ నేనూ ఆయన కూతుర్నే.

నా ఫోను తీసుకుని, దాంట్లోకి చూస్తూ, తలెత్తకుండా అన్నాను.

"ఊఁ. చూద్దాం."

ఆయన మొహం ఎలా మారిందో ఓరకంట చూశాను. అది చాలు. తర్వాత అమ్మ ఒళ్ళోంచి నా చున్నీ తీసుకుని, పెట్టె కూడా లాక్కుంటూ నా గదిలోకి పోయి, బట్టలన్నీ తిరిగి బీరువాలో పెట్టడం మొదలెట్టాను. తలుపు వెయ్యలేదు.