చెరిగిపోకముందే

ఊళ్ళోని మూడు ఆసుపత్రుల కంప్యూటర్లను ఎవరో ఒకే ఉదయం స్తంభింపజేశారు. తెరలన్నిటి మీదా ఒకటే బెదిరింపు: తర్వాతి వంతు మంచినీళ్ళ సరఫరాది. కేసు వచ్చి సైబర్ విభాగంలోని ఇన్‌స్పెక్టరమ్మ నెత్తిన పడింది. ఆమె అత్తగారికి వారానికి మూడుసార్లు డయాలసిస్ జరిగేది ఆ మూడింట్లో ఒకదానిలోనే.

దాడి వేరే దేశంలోని సర్వర్ నుంచి వచ్చిందని రెండు రోజుల్లోనే తేలింది. అక్కడే ముందరికాళ్ళకు బంధం పడింది. ఆ సర్వర్‌లోకి ఎవరెవరు వచ్చి వెళ్ళారన్న వివరాలు పదో రోజున వాటంతటవే చెరిగిపోతాయి. అవి కావాలంటే ఉత్తరం రెండు మంత్రిత్వ శాఖలు దాటి, తర్జుమా అయి వెళ్ళాలి. ఇది ఉగ్రవాద దాడి అని రాసి, అత్యవసరమని ముద్ర వేయించి పంపితే, ఎనిమిదో రోజున తిరిగొచ్చింది: "ఉగ్రవాదం అన్న మాటకు మీ చట్టంలో ఉన్న అర్థం మా చట్టంలో లేదు. సవరించి పంపండి."

ఆ మధ్యాహ్నం ఆమె అత్తగారి మంచం పక్కన కూర్చుని ఆ కాగితాన్నే తిరగేసి మరగేసి చూస్తోంది. కంప్యూటర్లు లేక నర్సులు అన్నీ చేత్తో రాసుకుంటున్నారు.

"ఏంటే, దాంతో అంత కుస్తీ?" అంది అత్తగారు. టెలిఫోన్ ఎక్స్ఛేంజ్‌లో ముప్ఫై ఏళ్ళు పనిచేసిన మనిషి.

"మళ్ళీ రాయమంటున్నారత్తయ్యా. ఇది చేరేసరికి అక్కడేమీ మిగలదు."

"కాగితం దారిన కాగితాన్ని పోనీ. అవతల ఓ మనిషుంటాడుగా, మాట్లాడు."

"ఇచ్చే అధికారం ఆయనకి లేదు."

"ఆయన చేతిలో ఏముందో అదే అడుగు."

సంతకం కింద నంబరుంది. అక్కడి నుంచే ఫోన్ చేసింది. ఇద్దరికీ వచ్చినంత ఇంగ్లీషులోనే మాటలు సాగాయి.

"కాగితం లేకుండా ఒక్క అక్షరం ఇవ్వలేను, మేడమ్," అన్నాడు అవతలి అధికారి.

"ఇవ్వొద్దు సార్. చెరగకుండా ఆపించగలరా? కాగితం నేను పంపిస్తాను, ఎన్నిసార్లయినా."

అతను వేరే ప్రశ్న వేశాడు. "ఆ మోగేదేంటి?"

"మా అత్తగారి డయాలసిస్ మెషీన్."

"అనుకున్నాను. నా భార్య పక్కన నాలుగేళ్ళు విన్నాను." అన్నాడతను. "తొంభై రోజులు ఆపమనే అధికారం నాకుంది. ఇప్పుడే ఉత్తర్వు రాస్తాను."

ఫోన్ పెట్టేశాక ఇన్‌స్పెక్టరమ్మ కళ్ళు తుడుచుకుంది. సూది లేని చేత్తో అత్తగారు ఆమె తల నిమిరింది. "పనయ్యాక ఏడుస్తావేంటే, పిచ్చిమొహమా!"

కాగితం ఇంకో మూడుసార్లు తిరిగొచ్చి, డెబ్బయ్యారో రోజున ఆమోదం పొందింది. ఆ వివరాల వల్ల, దాడి చేసిన ముగ్గురిలో ఇద్దరు దొరికారు. మూడోవాడు నేరస్థుల్ని అప్పగించే ఒప్పందమేదీ లేని దేశంలో ఇప్పటికీ హాయిగా ఉన్నాడు. మంచినీళ్ళ జోలికి మాత్రం ఎవరూ రాలేకపోయారు.

మరుసటేడు ఆ అధికారి రిటైరయ్యాడు. ఆ కుర్చీలోకి ఓ కొత్తమ్మాయి వచ్చిందని తెలిసి, ఆ రోజే ఇన్‌స్పెక్టరమ్మ ఫోన్ చేసింది.

"ఏ కేసు గురించండీ?" కంగారుగా అడిగింది ఆ పిల్ల.

"ఏ కేసూ లేదమ్మా. ఊరికే, ఓసారి పలకరిద్దామని."

అవతల చిన్న నవ్వు. "ఉండండి, మీ నంబరు నా సొంత ఫోన్‌లో రాసుకుంటాను."