పళ్ళెంలో ఉన్నదల్లా గుండ్రమే

బిస్కెట్ల ఫ్యాక్టరీలో కంప్యూటరుకు ఆకారాలు నేర్పే పని కోడలి నెత్తిన పడింది. బెల్టు మీద కలగాపులగంగా వచ్చేవాటిని కెమెరాతో చూసి ఇది గుండ్రం, ఇది నలుచదరం, ఇది నక్షత్రం అని అది చెప్పాలి. మర్నాడే మేనేజరమ్మ పరీక్ష. నెగ్గితే ఉద్యోగం ఖాయం, లేదంటే ఇంటిదారి.

నేర్పడానికి ఫోటోలు కావాలి, బోలెడన్ని. ఇంటిల్లిపాదీ తలో చెయ్యి వేశారు. అత్తగారు గుండ్రటివన్నీ తన ఎర్ర పళ్ళెంలో పెట్టి తీసింది. మామగారు నలుచదరాలు పేపరు మీద, వాళ్ళ కొడుకు నక్షత్రాలు దుప్పటి మీద తీశారు.

ఆ ఫోటోలతో కంప్యూటరుకు నేర్పడం అయ్యాక కోడలు హాల్లో లాప్‌టాప్ తెరిచింది. అత్తగారు దేవుణ్ణి తలచుకుని ఒక నక్షత్రాన్ని పళ్ళెంలో పెట్టి కెమెరాకు చూపించింది.

"గుండ్రం" అంది కంప్యూటరు.

"దీనికి కళ్ళజోడు కావాలేమోనే" అన్నారు మామగారు.

ఆవిడ ఆయన కళ్ళజోడే లాగి పళ్ళెంలో పెట్టింది. గుండ్రం. దువ్వెన పెట్టింది. గుండ్రం. ఆఖరికి పళ్ళెం తీసుకెళ్ళి ఆయన ముఖం వెనక పట్టుకుంది. "గుండ్రం, తొంభై తొమ్మిది శాతం!"

"ఇది మాత్రం నిజమేనండీ!" అంటూ ఆవిడ పొట్ట పట్టుకుని సోఫాలో కూలబడింది.

కోడలు తల పట్టుకుంది. "కొంప మునిగింది అత్తయ్యా! ఇది బిస్కెట్టును చూడటమే లేదు. పళ్ళెముంటే గుండ్రం, పేపరుంటే నలుచదరం అనేస్తోంది."

అత్తగారి నవ్వు ఆగింది. మనుషుల్ని నేనూ ఇలాగే చూస్తున్నానా స్వామీ, ఎవరి గుమ్మంలో కనబడితే ఆ లెక్కన? అంతలోనే చెయ్యాల్సిన పని తోచింది.

"లే అమ్మాయ్! అన్నిటినీ అన్నిట్లోనూ పెడదాం."

ఇక చూడాలి ఆ సంబరం! గుండ్రటివి దుప్పటెక్కాయి, నలుచదరాలు పళ్ళెంలో దిగాయి, నక్షత్రాలు మామగారి బట్టతల మీద వెలిశాయి.

"కదలకండి, జారుతోంది!"

"జారితే నోట్లోకే జారనీవే, ఆకలేస్తోంది."

"అవునుగానీ, ఈ మూడూ కానిది ఎదురైతే? మూడిట్లో ఒకటి చెప్పి తీరాలా పాపం?" అంది అత్తగారు. కోడలు వెంటనే దువ్వెన, గరిటె, చెప్పు, విరిగిన ముక్కలు అన్నీ పోగేసి 'తెలియదు' అనే నాలుగో గుంపు కట్టి, రాత్రికి రాత్రే కంప్యూటరుకు మళ్ళీ నేర్పింది.

మర్నాడు అత్తామామలు ఫ్యాక్టరీ గాజు తలుపు అవతల నిలబడ్డారు. బెల్టు కదిలింది. కంప్యూటరు టకటకా చెప్పుకుపోయింది, ఒక్కటీ తప్పలేదు. అప్పుడు మేనేజరమ్మ తను సగం కొరికిన బిస్కెట్టును బెల్టు మీద పెట్టింది.

"తెలియదు."

మేనేజరమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. అత్తగారు మొగుడి చెయ్యి గట్టిగా పట్టేసుకుంది.

"పాత మెషీను విరిగినవాటిని కూడా గుండ్రమేనని డబ్బాల్లోకి తోసేది. కొట్లవాళ్ళ చేత తిట్లు తినేదాన్ని నేను" అంది మేనేజరమ్మ. "దీనికి తెలియకపోతే తెలియదంటోంది. సోమవారం వచ్చి సంతకం పెట్టమ్మా."

"మనింట్లో పెరిగి, తెలియదనడం ఎక్కడ నేర్చిందే ఈ కంప్యూటరు?" అన్నారు మామగారు.

అత్తగారు కిసుక్కుమంది. ఆ నవ్వు ఆయనకూ అంటుకుంది. చివరికి కాపలావాడు వచ్చి, కాస్త మెల్లగా నవ్వమని చెప్పాల్సొచ్చింది.