తెర వెనక కుర్చీ

మా ఆయన బతుకంతా చచ్చినవాళ్లతోనే. ఇలా అంటే ఆయనకు కోపం వస్తుంది గాని ఖమ్మంలో ఎవరినడిగినా ఇదే చెబుతారు. పేరు మురళీకృష్ణ. సంగీత కార్యక్రమాల నిర్మాత. పాటగాళ్లను, వాయిద్యాల వాళ్లను, కవులను ఒకచోటికి చేర్చి, పోయిన ఏ కళాకారుడి పేరు మీదో సాయంత్రం పూట నివాళి కచేరీ చేస్తాడు. వేదిక మీద ఒక పక్క కుర్చీలో పోయినాయన ఫొటో, దానికి దండ, ముందు దీపం. రెండు పాటలకొక కవిత. మధ్యలో మాటలు చెప్పేది నేను. ఇంట్లో నా మాట వినేవాళ్లు లేరు కాబట్టి అక్కడ మైకులో చెప్పుకుంటాను.

కవుల సంగతి వేరే చెప్పాలి. పిలిస్తే చాలు వస్తారు, తమ కవిత చదువుతారు, పక్కాయన కాగితం తీయగానే ఫోను మోగినట్టు చెవికి పెట్టుకుని బయటికి నడుస్తారు. అయినా పోయినవాళ్ల సభలంటే జనానికి ఇష్టం. ఏడవడానికి ఒక చోటు, తర్వాత భోజనం. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకుంటున్నాడని మా ఆయనను అన్నవాళ్లు కూడా ముందు వరసలో కూర్చునేవారు. బతికున్నవాళ్లకు మాత్రం ఆయన ఒక్క కచేరీ చేయలేదు. ఎవరూ అడగలేదు, ఆయనకూ తోచలేదు.

అడిగింది పాషా చాచా.

అహ్మద్ పాషాది దమ్మపేట. దర్జీ. మిషను తొక్కుతూ పాట కట్టేవాడు, సంతలో నిలబడి పాడేవాడు. తునికాకు కోసే ఆడవాళ్ల మీద, పోడు కొట్టుకునే వాళ్ల మీద, వాగు దాటి బడికి పోయే పిల్లల మీద కట్టిన ఆ పాటలు అడవి అంచు ఊళ్లన్నీ పాడుకున్నాయి. అవి ఎవరు కట్టారో తెలిసినవాళ్లు తక్కువ. మా ఆయన కుర్రతనంలో మొట్టమొదట స్టేజీ ఎక్కించిన గొంతు ఆయనదే. ఇప్పుడు ఊపిరితిత్తులు చెడిపోయి మంచం పట్టాడు. పక్కన ఆక్సిజన్ సిలిండరు. కూతురు తబస్సుం ఆ మిషను మీదే జాకెట్లు కుట్టి ఇల్లు నడుపుతోంది. ఎండాకాలం మొదట్లో చూడటానికి వెళ్లాం.

"మురళీ, నేను పోయినంక నాకు ప్రోగ్రాం చేస్తవ్ గద?" అన్నాడు చాచా.

"గా మాటలెందుకు చాచా ఇప్పుడు."

"చేస్తవ్, నాకెరుకే. మంచిగనే చేస్తవ్. గని అది నేనెట్ల వినాలె?" ఊపిరి అందక కాసేపు ఆగాడు. "నా పాట నేను కూసోని ఎన్నడు వినలె. ఎప్పుడు పాడుడే అయింది. వేరేటోళ్లు పాడంగ, ఫ్లూటు, వయలిను, తబలా అన్ని పెట్టి ఒక్కసారి వినిపియ్. ఇంకేం అడగ."

మా ఆయన చాచా చెయ్యి పట్టుకుని చేస్తానన్నాడు. వాకిట్లోకి రాగానే తబస్సుం గొంతు తగ్గించి చెప్పింది. "వానాకాలం దాటుడు కష్టమేనని ఖమ్మం దవాఖానాల చెప్పిన్రు, ఆంటీ. చేసేదుంటే జల్దీ చెయ్యమను."

అప్పటినుంచి మా ఆయన కుడితిలో పడ్డ ఎలుకలా తిరిగాడు. ముందు వెంకటరామారావు గారి దగ్గరికి వెళ్లాం. వాళ్ల తాతలు కృష్ణా జిల్లా నుంచి వచ్చి సత్తుపల్లి దగ్గర భూములు కొన్నారు. ఇప్పుడు ఆయనకు ఖమ్మంలో బియ్యం మిల్లు ఉంది. మా ప్రతి కచేరీకి హాలు, లైట్లు, భోజనాలు ఆయన పేరు మీదే.

"పాషా పాటలంటే నాకు ప్రాణం మురళీ. కానీ మనిషి ఇంకా ఉన్నాడు కదా, తొందరేముంది? జరగాల్సింది జరిగాక చెప్పు, ఘనంగా చేద్దాం" అన్నాడాయన. కాఫీ కూడా ఇప్పించాడు.

పాటలు పాడే అమ్మాయి సాహిత్య తనకు ఆ వారం పెళ్లి ఆర్కెస్ట్రా ఉందంది. కవులు సందర్భమేమిటని అడిగారు. మనిషి బతికున్నాడు, అదే సందర్భం అంటే ఒక్కరికీ ఎక్కలేదు. ఎవరూ రాకపోతే నేనే పాడతా, నువ్వే విను అన్నాడు మా ఆయన. ఆయన పాడితే చాచా ఇంకా ముందే పోతాడని అన్నాను గాని, ఆయన నవ్వలేదు. అన్నం ముందు కూర్చుని కలుపుకుంటూ ఉండేవాడు, తినేవాడు కాదు. అంతమందిని సాగనంపిన మనిషి, ఒక్క మనిషికి పోకముందే పాట వినిపించలేకపోతున్నాడు. నాకు ఆయన మీద జాలి, ఊరందరి మీద కసి.

చివరికి ఉన్నంతలో చేద్దామని ఒక చిన్న హాలు మాట్లాడి, ఫ్లెక్సీలు కొట్టించాడు. తప్పు అక్కడ జరిగింది. ఆ ఫ్లెక్సీల షాపు మాకు ఏళ్లనాటి అలవాటు. మా ఆయన చాచా ఫొటో, పేరు, తేదీ పంపి "ఎప్పటి లెక్కనే కొట్టు" అని వాట్సాప్‌లో పెట్టాడు. షాపాయన ఎప్పటిలాగే కొట్టాడు. నీలం మబ్బులు, ఒక దీపం, ఫొటో చుట్టూ బంతిపూల దండ, పేరు ముందు కీర్తిశేషులు, కింద స్వర నివాళి. ఆయనను తిట్టి లాభం లేదు. ఇన్నేళ్లలో మా ఆయన బతికున్నవాడి ఫొటో ఒక్కటీ పంపలేదు మరి.

తెల్లారి పాలకని వెళ్లి వైరా రోడ్డు మీద ఆ ఫ్లెక్సీ చూశాను. ఇంటికి పరుగున వచ్చేసరికి మా ఆయన ఫోను అప్పటికే మోగుతోంది. వెంకటరామారావు గారు నిజంగానే ఏడుస్తున్నాడు. చిన్న హాలు వద్దు, పెద్దది తీసుకో, అన్నీ నేను చూసుకుంటా అంటున్నాడు. తర్వాత సాహిత్య, పెళ్లి ఆర్కెస్ట్రా వేరేవాళ్లకు ఇచ్చేశానని. తర్వాత కవులు. అంతా అయిపోయి ఉంటుందనుకుని, దమ్మపేటకు పోతామని ఒక్కరూ అనలేదు.

"జల్దీ అందరికి చెప్పు, తప్పు పడ్డదని. ఫ్లెక్సీలు తీపియ్" అన్నాను.

మా ఆయన ఫోను పట్టుకుని నిలబడ్డాడు. "ఒక్క నిమిషం ఆగు రాజ్యం. తీపియ్యకు."

"నీకేమన్న పిచ్చి లేసిందా? బతికున్న మనిషికి దండేస్తవా?"

"హాలు నిండుతది. ఫ్లూటు, వయలిను అన్ని వస్తయి. ముసలాయన అడిగింది గదే గద. నడిమిట్ల చాచాను స్టేజీ మీదికి తీసుకొద్దాం. బతికున్నడని చూస్తే సంబరపడరా?"

ఒళ్లు మండిపోయింది. అయినా హాలు నిండుతుందన్న మాట దగ్గర నా నోరు కూడా మూతపడింది. తబస్సుంకు నేనే ఫోను చేసి చెప్పాను. చెడామడా తిట్టింది, ఏడ్చింది, తర్వాత పరామర్శల ఫోన్లకు జవాబు చెప్పలేక ఫోను బంద్ చేసుకుంది. తండ్రికి మాత్రం చెప్పలేదు.

కచేరీ రోజు దమ్మపేట నుంచి చాచాను కారులో తెస్తుంటే, తల్లాడ చౌరస్తాలో ఆ ఫ్లెక్సీని ఆయనే చూశాడు. ఆపమన్నాడు. ముక్కుకు గొట్టంతో, అద్దంలోంచి తన ఫొటోను చాలాసేపు చూశాడు. నేను తల దించుకున్నాను. మా ఆయన ఏదో చెప్పబోయాడు.

"మా ఇండ్లల్ల ఫొటోకు దండలు వెయ్యరు అంకుల్" అంది తబస్సుం.

"ఉండనీ బేటీ. ఫొటో మంచిగున్నది, మీ అమ్మ ఉన్నప్పటిది" అన్నాడు చాచా. జరిగింది మా ఆయన ఒక్కో ముక్కా చెబుతుంటే నవ్వాడు, నవ్వు దగ్గై ఊపిరాడక అల్లాడాడు. తబస్సుం సిలిండరు తిప్పింది. కాస్త కుదుటపడ్డాక ఆయన అడిగింది ఒక్కటే, "వయలిను ఉన్నదా?" అని. ఉందన్నాం. పోనియ్యమన్నాడు.

హాలు కిటకిటలాడింది. గోడల వెంబడి కూడా జనం. చాచాను వెనక తలుపులోంచి తెచ్చి వేదిక పక్కన నల్ల తెర వెనక కుర్చీలో కూర్చోబెట్టాం. తెరకు అవతల, అదే వరసలో, ఇంకో కుర్చీలో ఆయన ఫొటో. మధ్యలో ఒక బట్ట అడ్డం, అంతే.

వెంకటరామారావు గారు మైకు పట్టుకుని, పోయేముందు పాషా తన చెయ్యి పట్టుకుని పాట పాడాడని చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. ఆయన దమ్మపేట వచ్చి ఎన్నేళ్లయిందో నాకు తెలుసు. తెర వెనక చాచా కళ్లు మూసుకుని వింటున్నాడు. ఒక కవి పాషాను అడవికి పుట్టిన కోయిల అన్నాడు. దర్జీ అని ఎవరూ అనలేదు. తర్వాత సాహిత్య మొదలుపెట్టింది.

"ఆకు కట్టలెత్తుకున్న అక్కలాలా, అడవి ఎంత బరువో చెప్పిపోండ్రి."

ఫ్లూటు కలిసింది, తబలా అందుకుంది, వయలిను లేచింది. చాచా వేళ్లు మోకాలి మీద కదిలాయి, కాలు మిషను తొక్కినట్టు ఆడింది. రెండో చరణంలో సాహిత్య ఒక లైను మింగేసి పై లైనే మళ్లీ పాడింది. చాచా కళ్లు తెరిచాడు, నోరు తెరిచాడు. తబస్సుం లేవబోతే చెయ్యి పట్టి ఆపాడు.

"పోనియ్ బేటీ. చచ్చినోడు తప్పులు దిద్దుతడా."

పాట అయింది. జనం కళ్లు తుడుచుకుంటూ చప్పట్లు కొట్టారు. మా ఆయన అవతలి పక్క నుంచి నాకు సైగ చేశాడు, ఇప్పుడే అని. నేను తెర వెనక్కి వచ్చి కుర్చీ పట్టుకున్నాను.

"చాచా, పోదాం. అందరూ మిమ్ముల చూడాలె."

ఆయన నా చేతి మీద చెయ్యి వేశాడు. మంచులా చల్లగా ఉంది. "వద్దు బేటీ. నేను పోతే పాట ఆగుతది. అందరు లేస్తరు, ఫొటోలు దిగుతరు, శాలువలు కప్పుతరు. కొందరు మోసం చేసిన్రని లొల్లి పెడ్తరు. మల్ల పాట ఎవ్వడు పాడడు." కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "ఇంక నా పాటలున్నయి గద. విననియ్యి. నన్ను గిట్లనే ఉండనియ్యి."

నేను మా ఆయన వైపు చూసి తల అడ్డంగా ఊపాను. ఆయన అర్థంకాక మళ్లీ సైగ చేశాడు. మళ్లీ ఊపాను. వేదిక మీదికి వెళ్లి తర్వాతి పాట పేరు చదివాను. తప్పు చదివి, మళ్లీ చదివాను. జనం అది దుఃఖమనుకున్నారు, నిజమే మరి. చాచా ఆఖరి పాట దాకా విన్నాడు. జనం భోజనాలకు లేచాక వెనక తలుపులోంచే తీసుకుపోయాం. కారెక్కుతూ వేదిక మీది ఫ్లెక్సీ అడిగి తీసుకున్నాడు. మంచి ప్లాస్టిక్ పట్టా, వాకిట్లో మిషను మీది రేకులు కారుతున్నాయి, కప్పుకుంటామన్నాడు.

ఆయన బతికే ఉన్నాడని బయట చెప్పే ధైర్యం మా ఇద్దరికీ రాలేదు. వానలు పడ్డాక, ఒక పొద్దున చాచా పోయాడు. ఈసారి నిజంగా.

మేం వెళ్లేసరికి తబస్సుం వాకిట్లో కూర్చుని ఉంది. మా ఆయన ఒక పక్కకు పోయి ఫోన్లు మొదలుపెట్టాడు. నేను అక్కడే నిలబడి విన్నాను.

"మొన్ననే చేశాంగా మురళీ, మళ్లీ ఏంటి? నెల మాసికమా? వాళ్లలో అవి ఉండవుగా" అన్నాడు వెంకటరామారావు గారు.

"కాదు సార్. ఇప్పుడు పోయిండు. ఇయ్యాల పొద్దున."

"నువ్వేం మాట్లాడుతున్నావో నీకన్నా తెలుస్తోందా?" అని పెట్టేశాడు. సాహిత్య ఇంకో కచేరీ అనుకుని డేట్లు లేవంది. పేపరాయన ఆ వార్త ఎప్పుడో వేసేశామన్నాడు. మా ఆయన ఒక్కొక్కరికి మొదటి నుంచి విప్పి చెప్పబోయాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభం? కొందరు నమ్మలేదు, నమ్మినవాళ్లు బూతులు తిట్టారు. ఒక్కరూ బయలుదేరలేదు. ఖమ్మంలో హాలు పట్టనంత ఏడుపు ఏడ్చిన జనం, వాళ్ల ఏడుపు అప్పుడే ఖర్చయిపోయింది.

మసీదు నుంచి వచ్చిన కొద్దిమంది, పక్క దుకాణాల వాళ్లు జనాజా ఎత్తారు. మా ఆయన తడుస్తూ ఒక కొమ్ము పట్టుకున్నాడు. మగవాళ్లు పోయాక నేనూ తబస్సుమూ వాకిట్లో మిగిలాం. వాన గట్టిగా పడుతోంది. పైన రేకుల మీద కప్పిన ఫ్లెక్సీ అంచు ఒకటి కిందికి వేలాడి కొట్టుకుంటోంది. నీలం మబ్బులు, సగం దండ. తబస్సుం దాన్నే చూస్తోంది.

"ఆయన కోరింది అయింది గద తల్లీ. విన్నడు గద" అన్నాను.

"అవ్, విన్నడు" అంది. చున్నీతో మొహం తుడుచుకుని మళ్లీ అంది. "నేను అబ్బా మాట విన్న ఆంటీ. ఆయన వద్దంటే ఊకున్న. వినకుండ ఉండాల్సింది. ఆ కుర్చీ నెట్టుకచ్చి లైట్ల ముందర పెట్టాల్సింది. లొల్లి అయితే అయ్యేది. అబ్బా బతికున్నడని ఒక్కసారన్న అందరు చూసేటోళ్లు."

లేచి ఆ ఫ్లెక్సీ అంచు పట్టుకుని, మిషను తడవకుండా, మళ్లీ రేకు కిందికి దోపాను.