ఇచ్చిపుచ్చుకోలు కంచె

తన కుక్కల్ని మెర్వ్ హాడ్రిక్ లెక్కపెడుతున్నాడన్న అనుమానం నోలా స్ట్రాకన్‌కి మొదట కోలీన్ బేకరీలో పుట్టింది. మాంసం కూరి కాల్చిన 'పై' కోసం వరసలో నిలబడి ఉంటే అతను వెనకనుంచి వచ్చి, టోపీ తీసి, వానల గురించి రెండు ముక్కలు మాట్లాడి, మెల్లిగా అడిగాడు.

"ఇప్పుడెన్ని ఉన్నాయి నోలా, నీ దగ్గర?"

"ఏవి?"

"కుక్కలు."

"ఉండాల్సినన్ని ఉన్నాయిలే."

అతను తలూపి ఊరుకున్నాడు. పుట్టినప్పట్నుంచీ పక్కపక్క పొలాలవాళ్ళు. ఇన్నేళ్ళలో ఆ మనిషి ఒక్కనాడైనా ఆవిణ్ణి ఏదెంత ఉందని అడిగిన పాపాన పోలేదు. ఇప్పుడు కౌన్సిలర్ అయి కూర్చున్నాడు. కౌన్సిలర్ అన్నవాడు ఊసుపోక లెక్కలడుగుతాడా? పై పట్టుకుని బయటికొచ్చింది గాని, దానిమీద సాస్ వేసుకున్నదో లేదో కూడా ఆవిడకి గుర్తులేదు.

కుక్కలంటే ఏదో ముద్దుకి పెంచుకునే జాతి కాదు. గొర్రెల్ని తోలే కెల్పీలు. కరువులో మందంతా అమ్ముకున్నాక నోలాకి మిగిలిన బతుకు అవే. కుక్కపిల్లల్ని పెంచి, ఈలకి తిరగడం నేర్పి ఇస్తే, ఎక్కడెక్కడి గొర్రెల ఆసాములో దుమ్ము కొట్టుకుంటూ వచ్చి తీసుకుపోతారు. ఆరేళ్ళ కిందట మిట్ట మీద వాటికి గూళ్ళు కట్టించింది. ఇంటి చుట్టూ ఉన్నదంతా వరద నేల, అక్కడ కొత్తగా గుంజ పాతడానికి కూడా కౌన్సిల్ ఒప్పుకోదు. మిట్ట ఒక్కటే పొడి. రోజూ పొద్దున్నే బకెట్ పట్టుకుని, తుంగ మొలిచిన పల్లం మీద వేసిన పాత రైలు దుంగ దాటి అక్కడికి వెళ్తుంది. ఆవిడ అడుగుల చప్పుడు వినగానే అన్నీ ఒక్కసారి అరుపులు ఎత్తుకుంటాయి.

బేకరీలో కలిసిన వారానికి కరాబిన్ టౌన్ హాల్లో కౌన్సిల్‌వాళ్ళు కొత్త జోన్ల మ్యాపు అతికించారు. ఊరిది పసుపు, పొలాలది పచ్చ. పసుపులో ఇళ్ళూ కొట్లూ కట్టుకోవచ్చు. పచ్చలో పంటలు, పశువులు, కుక్కల గూళ్ళు. నోలా కళ్ళజోడు పెట్టుకుని తన పొలం వెతుక్కుంది. చూడగానే ఒళ్ళు మండింది. ఊరికి ఆనుకున్న మెర్వ్ వైపంతా పసుపు, తన వైపు పచ్చ, రెంటి మధ్య గీత కంచె వెంట పోయింది.

పొలాలకి అసలు హద్దు వాగు. అటు హాడ్రిక్‌లది, ఇటు స్ట్రాకన్‌లది. వాగు మీద కంచె వేస్తే తొలి వరదకే కొట్టుకుపోతుందని, నోలా తండ్రీ మెర్వ్ తండ్రీ కలిసి తిన్నగా ఒక కంచె వేసుకున్నారు. ఆ ఊళ్ళో అందరూ చేసే పనే, ఇచ్చిపుచ్చుకోలు కంచె అంటారు. ఒకచోట కొంత నేల అటు పోతుంది, ఇంకోచోట కొంత ఇటు వస్తుంది, ఎవరూ కాయితం రాసుకోరు. ఎగువన, ఎర్ర యూకలిప్టస్ చెట్ల దగ్గర, స్ట్రాకన్‌ల నేల ఒక చీలిక కంచెకి అవతల పడింది. అక్కడ మెర్వ్ గొర్రెలు మేస్తాయి. ఇప్పుడా చీలిక మ్యాపులో పసుపు రంగు పులుముకుని కూర్చుంది.

"మీ నాన్న మంచితనానికి ఇచ్చిన నేలే కదా అది?" అంది కోలీన్, రొట్టెలు సర్దుతూ. "ఊళ్ళో కలిసిందంటే ఇక ఇళ్ళ స్థలాలే. అన్నేళ్ళు మేపుకున్నాడు కాబట్టి నాదే అంటాడు. నేనేమీ అనడం లేదు సుమా, నాకెందుకూ."

ఏమీ అనడం లేదంటూనే కోలీన్ పెట్టాల్సిన పుల్ల పెట్టింది. నోలాకి అప్పట్నుంచీ నిద్ర లేదు.

ఆ తర్వాత ఏది చూసినా అదే కనిపించింది. కౌన్సిల్ కారు మెర్వ్ గేటు ముందు ఆగి ఉంటుంది. జోన్ల పని చూసే తమ్సిన్ అనే ఆ పొడుగు పిల్లకి అతను కంచె గుంజల్ని ఒక్కొక్కటే చూపిస్తుంటాడు, గుంజ మీద చెయ్యి వేసి, గొర్రెపిల్లని నిమిరినట్టు. నోలా బండి చప్పుడు వినగానే ఆ చెయ్యి కిందికి దిగిపోతుంది. దొంగపని కాకపోతే చెయ్యెందుకు దించాలి?

ఒక సాయంత్రం అతనే ఆవిడ గేటు దగ్గరికొచ్చాడు. లోపలికి రమ్మని ఆవిడ అనలేదు.

"మ్యాపు మీద అభ్యంతరం పెడుతున్నావట?"

"ఎవరు చెప్పారు?"

"ఊరన్నాక తెలుస్తుంది. కంచెని అలా ఉండనియ్యి నోలా."

"అలా ఉంటే ఎవరికి మంచిది?"

"అందరికీ."

"అందరికీ అంటే నీకనేగా."

మెర్వ్ టోపీ తీసి చేతుల్లో తిప్పాడు. డెబ్బై దాటిన మనిషి, మొహం ఎండకి కందిపోయి, ఏ భావమూ పైకి కనపడదు. "నేనింతకంటే ఏమీ అనకూడదు," అన్నాడు చివరికి.

"అనకూడనివే చేస్తున్నావన్నమాట."

అతను టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నోలా గేటు గడియ పెట్టేసింది. ఇది బెదిరింపు కాక మరేమిటి? మొన్న కుక్కల్ని లెక్కపెట్టాడు. రేపు ఊరి పక్కన అరుపులు ఎక్కువయ్యాయంటాడు. కుక్కల్ని పంపేస్తే నేను పోతాను, నేను పోతే వాగుకి ఇవతలదీ అతనిదే. అంతా ఒక వరసలో అమరిపోయింది.

విచారణ రోజు అగ్నిమాపక దళంవాళ్ళు హాలు బయట సాసేజీలు కాల్చి అమ్ముతున్నారు. లోపల కుర్చీలన్నీ నిండాయి. నోలా పొలం మాట రాగానే మెర్వ్ లేచి, "ఇందులో నాకు సంబంధం ఉంది," అని చెప్పి బయటికి నడిచాడు. కౌన్సిలర్లకి అది నియమం, సొంత హద్దు మీద నోరెత్తకూడదు. కిటికీలోంచి చూస్తే తన ట్రక్కుకి ఆనుకుని, రొట్టెలో సాసేజీ పట్టుకుని నిలబడ్డాడు. తినడం లేదు. భలే పెద్దమనిషి వేషం అనుకుంది నోలా.

ఆవిడ ఎన్నడూ మైకు పట్టుకున్నది కాదు. అయినా గొంతు తడబడలేదు. "కంచె గొర్రెల కోసం వేసింది, మనుషుల హద్దు కోసం కాదు. మా దస్తావేజుల్లో హద్దు వాగు. గీత వాగు మీద గీయండి."

వెనక ఎవరో చప్పట్లు కొట్టారు. తమ్సిన్ మ్యాపు మీదకి వంగి చూసి, కొంచెం తటపటాయించింది. "ఎగువన ఆ చీలిక వరకేనా అండీ? లేక కంచె పొడుగునా మార్చమంటారా?"

నోలాకి నవ్వొచ్చింది. దిగువన ఏదో మిగుల్చుకోవాలని ఈ పిల్ల చేత అడిగిస్తున్నాడు, అంతే.

"మొదట్నుంచి చివరిదాకా," అంది. "ఒక్క అడుగు కూడా వదలొద్దు."

ఆవిడ అభ్యంతరాన్ని యథాతథంగా ఒప్పుకున్నారు. ఆ రోజు కోలీన్ మాంసం పై ఊరికే ఇచ్చింది.

గుర్తుమేకులు పాతే రోజు నోలా ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ వెళ్ళింది. కొలతలవాడు ఎర్ర యూకలిప్టస్‌ల దగ్గర మొదలుపెట్టి, వాగు ఒడ్డున గులాబీ రిబ్బను కట్టిన మేకులు దిగేసుకుంటూ వచ్చాడు. తండ్రి నేల తిరిగొచ్చిందని ఆవిడ గుండె నిండిపోయింది. దిగువన కంచె పక్కన కాలవ పారుతోంది. ఆవిడ ముందే వెళ్ళి అక్కడ నిలబడింది. కొలతలవాడు ఆవిడ వైపు రాలేదు. పక్కకి తిరిగి, తుంగ పల్లంలోకి దిగి, రైలు దుంగ పక్కన మేకు కొట్టాడు.

"అటు కాదు నాయనా, వాగు ఇక్కడుంది."

"అది వాగు కాదండీ," అంది తమ్సిన్. "కంచె వేసినప్పుడు ఎవరో తవ్విన కాలవ. వాగు ఈ తుంగే. వరదొస్తేనే పారుతుంది."

నోలా తుంగని చూసింది. దానికీ కాలవకీ మధ్యనున్న మిట్టని చూసింది. గూళ్ళల్లోంచి కుక్కలు ఆవిణ్ణి చూసి తోకలాడిస్తున్నాయి.

"మరి మిట్ట?"

"హాడ్రిక్ గారిది. వాగు అవతలిది కాబట్టి పాత మ్యాపులోనూ ఊరి జోనే. ఎవరూ చూసుకోలేదంతే. అక్కడ కుక్కల గూళ్ళు ఉండకూడదు." ఆ పిల్ల గొంతు తగ్గించింది. "మేం గీసిన మ్యాపులో అది పచ్చలోకి వచ్చేసేది. గీత కంచె మీద ఉండేది కదా. మీరే మార్చమన్నారు."

"ఆరేళ్ళుగా ఉన్నాయి ఆ గూళ్ళు."

"ఆరేళ్ళు చాలవండీ. హాడ్రిక్ గారి గొర్రెల్లా తరాల నాటివైతే ఏదో చూసేవాళ్ళం." వేసవిలోపు ఖాళీ చెయ్యాలని చెప్పి, ఆవిడ మొహం చూడలేక కారు వైపు నడిచింది.

మెర్వ్ కంచె అవతల ఎప్పుడొచ్చి నిలబడ్డాడో తెలీదు.

"తెలుసా నీకు?" అంది నోలా.

"తెలుసు."

"నోటితో చెప్పొచ్చుగా!"

"చెబితే నాకు తెలుసన్నట్టేగా. తెలిసిన కౌన్సిలర్ ఊరుకోకూడదు నోలా, మర్నాడే నేనే ఫిర్యాదు పెట్టాలి. అందుకే గీత కంచె మీదకి వచ్చేదాకా మింగలేక కక్కలేక ఉన్నా. ఊరి జోన్లోనైనా అయిదులోపు కుక్కలుంటే అసలు గొడవే లేదని, ఎన్నున్నాయని కూడా అడిగా." అతను గుంజ మీద చెయ్యి వేశాడు. "ఈ మిట్ట సంగతి మీ నాన్న నీకెప్పుడూ చెప్పలేదా?"

"ఇచ్చింది చెప్పాడు," అంది నోలా. "తీసుకున్నది చెప్పలేదు."

ఆవిడకి సిగ్గుతో మొహం కాలిపోయింది. క్షమించమందామనుకుంది. అతను దానికోసం ఎదురుచూడలేదు.

"పైనున్న నీ చీలిక ఇవాళే ఖాళీ చేస్తా," అన్నాడు. "గీత గీతే. నా ముసలి కుక్కకి కాళ్ళు లేవడం లేదు. ఓ గంట ఒకదాన్ని ఇస్తావా?"

నోలా మిట్ట ఎక్కి, గేటు తీసి, టాన్సీని పిలిచింది. అన్నిటికంటే తెలివైనది అదే. ఎర్ర యూకలిప్టస్‌ల దాకా ముగ్గురూ నడిచారు. ఆవిడ ఒక్క ఈల వేస్తే చాలు, అది పొట్ట నేలకి ఆనించి పాక్కుంటూ వెళ్ళి, చెట్ల చాటునున్న గొర్రెల్ని కూడా వెతికి, ఒక్కటి వదలకుండా పోగుచేసి, మెర్వ్ గేటులోంచి అవతలికి తోలేసింది. తండ్రి ఇచ్చిన నేల ఖాళీగా మిగిలింది. అంతా రాళ్ళే, గడ్డి కూడా సరిగా లేదు.

పని అయిపోయిందని టాన్సీ ఒకసారి నోలా మొహంలోకి చూసి, మిట్ట మీది తన గూటి వైపు పరుగు తీసింది. దాన్ని వెనక్కి పిలవడానికి నోలా ఈల వెయ్యబోయింది గాని, పెదాలు కుదర్లేదు.