ఊరు లేని యాదగిరి

భానుమూర్తి రాసే నాటకాల్లోని పాత్రలు, నాటకం ఆడేదాకా, చైతన్యపురిలో ఆయన ముందుగదిలోనే ఉంటారు. సాయంత్రం నాలుగింటికి ఆయన భార్య అమ్మాజీ వాళ్ళకూ కలిపే టీ పెడుతుంది. కాగితం మీద రాసింది చేస్తారు, రాసిన మాటే అంటారు, కప్పులు మాత్రం కడగరు. ఒకసారి రాశాక కొట్టేసినా ఒప్పుకోరు. నిరుడు ఆయన ఒక హీరోయిన్ చేత విషం తాగించి, తర్వాత మనసు మార్చుకున్నాడు. ఆవిడ మాత్రం సోఫాలోనే నురగలు కక్కుకుని పోయింది.

కోచింగ్ సెంటర్లో తెలుగు చెప్పే భానుమూర్తిది భీమవరం. పరిషత్తు పోటీలకు నాటకాలు రాస్తాడు. ఆయన హీరో ఎప్పుడూ ఆయనలాగే మాట్లాడతాడు. రౌడీ ఎప్పుడూ పైవాటాలో ఉండే ఇంటి ఓనరు మహిపాల్ లాగా మాట్లాడతాడు. జనం నవ్వుతారు, బహుమతులొస్తాయి.

మహిపాల్ నల్గొండ దిక్కు మనిషి, బస్ డిపోలో మెకానిక్. "ఏంది సార్, మా లెక్క మాట్లాడేటోడు ప్రతిసారి కత్తే పట్టాల్నా?" అని ఓసారి అడిగాడు.

"అబ్బే, సహజంగా ఉంటుందనండీ," అన్నాడు భానుమూర్తి. సిగ్గుపడాల్సిన మాట, పడలేదు.

ఈసారి రౌడీ పేరు యాదగిరి. వారం రోజులుగా ఒళ్ళో కత్తి పెట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు. ఆయన రాసిచ్చినవన్నీ బూతులే కాబట్టి, టీ ఇచ్చినా అమ్మాజీని బూతులే తిట్టేవాడు. తిడుతూ కళ్ళు దించుకునేవాడు.

తెలంగాణ కోసం సకలజనుల సమ్మె నడుస్తోంది. ఆ మధ్యాహ్నం భానుమూర్తి చివరి రంగం రాశాడు: "తలుపు తోసుకుని ఒకడు వస్తాడు. యాదగిరి రెండు పోట్లు పొడుస్తాడు. మూడో పోటుకు ముందు వాడు ప్రాధేయపడతాడు. చివరికి ఒక ప్రాణం పోతుంది."

చుక్క పెట్టాడో లేదో, దిల్‌సుఖ్‌నగర్ వైపు బాష్పవాయువు గోళాలు పేలాయి. వీధినిండా రాళ్ళు, లాఠీలు, కేకలు. ఊరేగింపుకు వెళ్ళిన మహిపాల్ తలుపు తోసుకుని లోపలపడ్డాడు. నెత్తి పగిలి రక్తం కళ్ళలోకి కారుతోంది.

యాదగిరి లేచాడు. మొదటి పోటు భుజంలో దిగింది. మహిపాల్ గోడకు గుద్దుకున్నాడు. రెండోది తొడలో దిగింది. రక్తం టీ కప్పుల మీద చిమ్మింది. చేతికి వేలాడిన అమ్మాజీని యాదగిరి విదిలించి పారేశాడు.

మూడో పోటుకు ముందు ఒక్క మాట ఇరికిస్తే ఆగుతాడని భానుమూర్తికి తట్టింది. "సోదరా, నా హృదయం ద్రవించింది," అని గబగబా రాశాడు. యాదగిరి నోరు తెరిచాడు గానీ, వాడి యాస కాని ఆ మాట గొంతు దాటలేదు. కత్తి పైకి లేచింది.

"వీడేమంటాడో నాకు తెలీదండీ!" అని ఏడ్చేశాడు భానుమూర్తి, ఇరవై ఏళ్ళుగా ఇలాంటివాళ్ళనే రాసిన మనిషి.

మహిపాల్ ఉత్త చేత్తో కత్తి పట్టుకున్నాడు. వేళ్ళు తెగాయి. "ఏ ఊరు తమ్మీ నీది?"

యాదగిరి జవాబు కోసం భానుమూర్తి వైపు చూశాడు. ఆయన ఊరు రాయలేదు.

"మా ఊరే రాయుండ్రి సార్. నకిరేకల్ పక్క. వానికి అమ్మ ఉంటది. అండాలమ్మ. మా అమ్మ పేరే రాయుండ్రి. ఇంటికి పోంగనే, అమ్మా, బువ్వ తిన్నవా, అంటడు."

భానుమూర్తి చెప్పింది చెప్పినట్టు రాశాడు.

"అమ్మా, బువ్వ తిన్నవా?" అన్నాడు యాదగిరి. చెయ్యి సడలింది. కత్తి కిందపడింది.

అప్పుడే బయట బూట్లు ఆగాయి. "లోపల దాక్కున్నోణ్ణి పంపండి!" అంటూ లాఠీతో తలుపు బాదారు.

కాగితం మీద ఇంకా ఒక చావు మిగిలే ఉంది. యాదగిరి ఒంగి, మహిపాల్ తలకింద సోఫా దిండు పెట్టాడు.

"నువ్వు పండుకో అన్నా. నేను పోతా."

ఆ మాట భానుమూర్తి రాయలేదు, మహిపాల్ చెప్పలేదు.

వీధిలో లాఠీలు విరిగేదాకా కొట్టారు. "ఎవడ్రా నువ్వు?" అన్న ప్రతిసారీ, పళ్ళు రాలిన నోటితో ఒకటే జవాబు. "అండాలమ్మ కొడుకుని." కాసేపటికి అదీ ఆగిపోయింది.

నాలుగైంది. మహిపాల్ భుజానికి కట్టు కడుతున్న అమ్మాజీ అలవాటుగా లేచి వెళ్ళి టీ పెట్టింది, ఒక కప్పు ఎక్కువే. భానుమూర్తి కాగితం ముందు కూలబడ్డాడు.

"మహిపాల్ గారూ, చివర్లో చనిపోయింది ఎవరని రాయనండీ? రౌడీ అని రాయలేను."

మహిపాల్ ఖాళీ కుర్చీ వైపు చూశాడు.

"మా తమ్ముడని రాయుండ్రి సార్."