చిట్టి చెయ్యి చల్లగా ఉంది

మా చెల్లెలు చిట్టి వాయించే వయొలిన్ మొదట నాది. నేను ఏడాది నేర్చుకున్నాక, ఐదేళ్ల చిట్టి వేళ్లు నాకంటే చురుగ్గా ఉన్నాయని అమ్మ దాన్ని తీసి చిట్టి చేతిలో పెట్టింది. ఇరవై రెండేళ్లయింది. నా కడుపుమంట ఇంకా చల్లారలేదు.

నేను ఆసుపత్రిలో నరాల వేగం కొలుస్తాను. నరంలో కబురు తీగలో కరెంటులా పారదు. నరం గోడ నిండా కంటికి కనపడని తలుపులుంటాయి. ఒకటి తెరుచుకుని సోడియం కణాలు లోపలికి తోసుకొస్తే, ఆ తాకిడికి పక్కది తెరుచుకుంటుంది. మెదడు మాట వేలిదాకా అలాగే చేరుతుంది. శిక్షణలో ఒకరినొకరం కొలుచుకున్నప్పుడు నాది సెకనుకు యాభై మూడు మీటర్లు.

ఎడమచెయ్యి తిమ్మిరెక్కుతోందని వానలో తడిసి వచ్చింది చిట్టి. వచ్చే వారం వాద్యబృందంలో మొదటి వయొలిన్‌కి ఎంపిక పరీక్ష. నరం మందగించిందని తేలితే ఆరు నెలలు వయొలిన్ ముట్టుకోవద్దని డాక్టరు ముందే చెప్పేశారు.

తీగలు అంటించి షాక్ ఇచ్చాను. బొటనవేలు ఎగిరింది. తెర మీద నలభై నాలుగు. యాభైకి తగ్గితే నరం మందగించినట్టే.

నాకంటే తొమ్మిది తక్కువ! సిగ్గులేకుండా చెబుతున్నాను, పండగ చేసుకున్నాను లోలోపల.

"ఏమైందక్కా? బాలేదా?"

"కదలకుండా పడుకో."

తీగలు పీకుతుంటే దాని వేళ్లు తగిలాయి. మంచుగడ్డల్లా ఉన్నాయి. చల్లటి చేతిలో ఆ తలుపులు మెల్లిగా తెరుచుకుంటాయి. అందుకే షాక్ ఇచ్చేముందు వేడి చూడాలి, ముప్పై రెండు డిగ్రీలు లేకపోతే చెయ్యి గోరువెచ్చటి నీళ్లలో పెట్టించాలి. పన్నెండేళ్లలో ఒక్కరికీ ఈ పని ఎగ్గొట్టలేదు. మర్చిపోయానంటే మీరు నమ్ముతారేమో, నేను నమ్మను.

ప్రింట్ మీట మీద నా వేలు ఉంది. నొక్కితే చాలు. అడిగేవాళ్లు లేరు.

"అక్కా, నువ్వే కొలుస్తున్నావని ధైర్యంగా వచ్చాను. ఇంకెవరైనా అయితే భయంతో చచ్చేదాన్ని," అంది చిట్టి.

దీనికి ఇలాంటి మాటలు సమయానికి ఎవరు అందిస్తారో! నోట్లోనే తిట్టుకుంటూ వెళ్లి గోరువెచ్చటి నీళ్లు పట్టుకొచ్చాను. పది నిమిషాలు నానబెట్టి మళ్లీ కొలిచాను.

యాభై ఎనిమిది.

"నరం నిక్షేపంలా ఉంది. చెయ్యి తలకింద మడిచి పడుకోవడం మానెయ్," అన్నాను. నా గొంతు నాకే పుల్లగా వినిపించింది.

చిట్టి తెర వైపు చూసింది. "నీదెంతక్కా?"

"అరవై."

"అనుకున్నాను," అని నవ్వింది. "చిన్నప్పుడు నువ్వు వాయిస్తుంటే తలుపు సందులోంచి చూసి కుళ్లుకునేదాన్ని. నీలా ఎప్పటికీ వాయించలేనని ఏడ్చేదాన్ని కూడా. అందుకేగా అమ్మ నీ వయొలిన్ లాక్కుని నాకిచ్చింది."

యాభై ఎనిమిది అని ఉన్న కాగితం దాని చేతిలో పెట్టాను. చెయ్యి వెచ్చగా ఉంది.